తప్పు మన వేళ్లది కాదు



ఈ పోస్టు పొడుగుంటది, ముందే చెప్తున్నం. టైం లేనివాళ్లు సేవ్ చేసుకొని తర్వాత చదువుకోండి. మేము నలుగురం ఒకే రూము, నలుగురికీ కలిపి ఒకటే లాప్‌టాప్. అది కూడా ఒక సీనియర్ అన్న చదువు అయిపోయి పోతూ పోతూ వదిలిపోయింది. నలుగురిలో కంప్యూటర్ సైన్స్ చదివేది ఒక్కడే, మిగతా వాళ్లం బీఏ, బీకాం, బీజెడ్‌సీ. కాబట్టి ఇది నిపుణుల మాట కాదు. రోజూ ఈ మిషన్లతో కుస్తీ పట్టేవాళ్ల మాట.

మా రూములో చిన్నోడు, ఫస్టియర్ తమ్ముడు, పోయిన సీజన్‌లో స్కాలర్‌షిప్ అప్లికేషన్ ఆఖరి తేదీ దాటిపోగొట్టుకున్నడు. ఎట్ల పోగొట్టుకున్నడో చెప్తే, మనలో సగం మందికి తమ సొంత కథే అనిపిస్తది.

ఆ వెబ్‌సైటు పగటిపూట తెరుచుకోదు. అందరూ ఒకేసారి ఎక్కుతరు కాబట్టి చక్రం తిరుగుతూనే ఉంటది. రాత్రి పూట కొంచెం నయం. ఆధార్ నంబర్ కొట్టంగానే ఓటీపీ పోతది. ఎక్కడికి పోతది? ఆధార్‌కు లింక్ అయిన నంబర్‌కు. ఆ నంబర్ వాళ్ల బాపుది. బాపు ఊళ్లో ఉంటడు. ఊళ్లో ఇంటి దగ్గర సిగ్నల్ లేదు, ఊరి బయట చేను గట్టు మీద ఒక పెద్ద బండ ఉంది, దాని మీద నిలబడితే రెండు గీతలు వస్తయి. సిగ్నల్ లేని మనిషికి ముందుగా ఫోన్ చేసి చెప్పడం కూడా కుదరదు కదా. అందుకని పొద్దున మండలానికి వచ్చిన పక్కింటాయనతో కబురు పంపినం: "రాత్రి తొమ్మిదికి బండ మీద ఉండమను."

బాపు తొమ్మిదికే వచ్చిండు. చలికి గొంగడి కప్పుకొని కూసున్నడు. ఫోన్ చేసి "వచ్చిన బిడ్డా, నంబరు ఎప్పుడొస్తది?" అని అడిగిండు. ఇక్కడ వెబ్‌సైటు తెరుచుకుంటలేదు. పది దాటింది. బాపు ఫోన్‌లో చార్జింగ్ అయిపోవచ్చింది, అడవి పందుల భయం ఒకటి. ఇంక ఇయ్యాల కాదేమో అనుకొని ఇంటికి పోయిండు. పదీ నలభైకి వెబ్‌సైటు తెరుచుకుంది. తమ్ముడు ఓటీపీ పంపు అని నొక్కిండు. మళ్లీ నొక్కిండు. నాలుగు సార్లు నొక్కిండు. "ఇన్‌వాలిడ్" కూడా రాలేదు, ఎందుకంటే కొట్టడానికి నంబరే లేదు. పన్నెండు కాంగానే లింకు మూతపడ్డది.

తెల్లారి ఐదింటికి బాపు చేనుకు పోతూ బండ దాటంగానే నాలుగు మెసేజ్‌లు ఒక్కసారే టింగు టింగుమని వచ్చినయి. పాపం ఆయన ఉరికి ఫోన్ చేసిండు. నాలుగు నంబర్లూ ఓపికగా చదివిండు. ఏం చెప్తం ఆయనకు?

తర్వాత దీని గురించి అడగడానికి పోతే అక్కడ కూసున్నాయన అన్నమాట: "మీ వాళ్లకు కంప్యూటర్ నాలెడ్జ్ ఉండదయ్యా, ముందుగాల్నే చేసుకోవాలె." ముందే చేసుకోవాలె అన్నది సగం నిజమే, మేము ఒప్పుకుంటం. ఆఖరి రోజు దాకా ఆగినం, ఇన్‌కం సర్టిఫికెట్ చేతికి వచ్చేసరికే ఆలస్యమైంది. కానీ "నాలెడ్జ్ లేదు" అన్న మాటే మాకు మింగుడు పడలేదు. ఈ పోస్టు రాయడానికి కారణం ఆ మాటే.

నాలెడ్జ్ సంగతి చూద్దాం. ఎస్సెమ్మెస్ అంటే ఫోన్ కాల్ లాంటిది కాదు, ఉత్తరం లాంటిది. ఫోన్ సిగ్నల్‌లో లేకుంటే ఆ మెసేజ్‌ను టెలికం కంపెనీ సర్వర్ దాచిపెట్టుకుంటది, ఫోన్ సిగ్నల్‌లోకి వచ్చినప్పుడు అందిస్తది. అందుకే బాపుకు నాలుగూ పోకుండా అందినయి. ఎస్సెమ్మెస్ తన పని తాను సరిగ్గానే చేసింది. కానీ ఆ మెసేజ్ లోపలున్న నంబర్‌కు ఐదు నిమిషాలో పది నిమిషాలో ఆయుష్షు. పైగా కొత్తది అడగంగానే పాతది చెల్లదు. ఆలస్యంగా అందినా పర్వాలేదు అన్నట్టు కట్టిన వ్యవస్థ మీద, ఆలస్యమైతే చెల్లదు అనే తాళం వేసిండ్రు. హైదరాబాద్‌లో మెసేజ్ మూడు సెకన్లలో వస్తది కాబట్టి ఈ రెండిటికీ పొంతన లేదని వాళ్లకు ఎప్పుడూ కనబడలేదు. ఇది మన బాపుకు నాలెడ్జ్ లేకపోవడం కాదు. ఆ ఫారం తయారుచేసిన వాళ్లకు మన బండ గురించి నాలెడ్జ్ లేకపోవడం.

మాలో బీకాం వాడు ఇక్కడ అడ్డు చెప్పిండు. "ఓటీపీ లేకపోతే ఎవడో మధ్యలో దూరి మన పేరు మీద డబ్బులు తినడా?" అన్నడు. నిజమే. మన పేర్ల మీద ఎవరెవరు ఏమేం తిన్నరో పెద్దవాళ్లను అడిగితే చెప్తరు. తాళం వద్దని మేము అనడం లేదు. తాళంచెవి మనిషి చేతిలో ఉండాలె, సిగ్నల్ టవర్ చేతిలో కాదు అంటున్నం. అట్లాంటి తాళాలు ఎప్పటినుంచో ఉన్నయి కూడా. ఫోన్‌లో ఆథెంటికేటర్ అనే యాప్ పెట్టుకుంటే, మొదట ఒకసారి ఒక రహస్య సంఖ్య అందులో దాచుకుంటది. తర్వాత ఆ సంఖ్యనూ గడియారంలోని టైమునూ కలిపి లెక్కగట్టి, మామూలుగా 30 సెకన్లకు ఒక కొత్త కోడ్ చూపిస్తది. అవతల సర్వర్ కూడా అదే లెక్క గడుతది, రెండూ కలిస్తే తాళం తెరుచుకుంటది. దీనికి సిగ్నల్ అక్కరలేదు, నెట్ అక్కరలేదు, ఫ్లైట్ మోడ్‌లో కూడా నడుస్తది. మా రూములో పెట్టి చూసినం. విద్యార్థి ఫోన్‌లోనే కోడ్ వస్తది, బాపు రాత్రిపూట గొంగడి కప్పుకొని బండెక్కాల్సిన పని ఉండదు.

డబ్బుల విషయంలో ఈ ఆలోచన మొదలైంది. రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబర్‌లో కొత్త నిబంధనలు ఇచ్చింది. డిజిటల్ చెల్లింపులకు రెండంచెల తనిఖీ ఉండాలి, కానీ ఎస్సెమ్మెస్ ఓటీపీ ఒక్కటే దారి కానక్కరలేదు, వేరే పద్ధతులు కూడా వాడొచ్చు అని దాని సారం. అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. బ్యాంకు డబ్బుకు పనికొచ్చే ఆలోచన స్కాలర్‌షిప్ ఫారానికి ఎందుకు పనికిరాదో మాకు అర్థం కాలేదు.

టవర్లు వస్తయి కదా అంటరు. వస్తయి. సిగ్నల్ లేని ఊళ్లన్నిటికీ 4జీ ఇస్తమని 2022 జులైలో కేంద్ర క్యాబినెట్ 26,316 కోట్ల ప్రాజెక్టుకు ఒప్పుకుంది. అందులో లెక్కగట్టిన ఊళ్లు 24,680. అంటే ఫోన్ అందని ఊళ్లు ఇన్ని ఉన్నయని ప్రభుత్వం తానే లెక్క తీసి పెట్టింది. ఒక చేత్తో ఆ లెక్క రాసి, ఇంకో చేత్తో ఓటీపీ లేనిదే ముందుకు పోని ఫారాలు తయారుచేస్తే ఎట్ల?

సరే, వేళ్ల సంగతికి వద్దాం.

ఎప్పటిలాగే తేదీ పొడిగించిండ్రు. ఈసారి తమ్ముడికి ఎవరో చెప్పిండ్రు, ఓటీపీ రాకుంటే సెంటర్‌కు పోయి వేలిముద్ర పెడితే సరిపోతదని. మధ్యలో సెలవుల్లో వాడు ఇంటికి పోయి పత్తి ఏరిండు. ఫీజుకు ఎంతో కొంత కావాలె కదా. పత్తి ఏరినవాళ్లకు తెలుసు, ఎండిన కాయ పెచ్చుల మొనలు వేళ్లకు ఎట్ల గుచ్చుకుంటయో. రోజంతా ఏరితే వేలి కొసలు చీరుకుపోయి గరుకు కాగితంలాగ అయితయి. సెంటర్‌లో బొటనవేలు పెట్టిండు, రాలేదు. చూపుడువేలు పెట్టిండు, రాలేదు. పది వేళ్లూ అయిపోయినయి. ఆపరేటర్ నవ్వుకుంటూ "నీ వేళ్లే కరాబున్నయి తమ్మీ" అన్నడు.

వేలిముద్ర మిషన్ చూసేది చర్మం మీది గీతల ఎత్తుపల్లాలను. చర్మం ఎండి పగిలితే గీతలు అద్దానికి సరిగ్గా ఆనవు, చీలికలు కొత్త గీతల్లాగ కనబడతయి. కూలి పని, బట్టీ పని, తునికాకు పని చేసేవాళ్లకు, ముసలివాళ్లకు ఈ బాధ దేశమంతా ఉంది, రేషన్ షాపుల దగ్గర ఏండ్ల తరబడి వింటున్నదే. పరీక్షల కోసం పెన్ను పట్టిన వేలు సరైన వేలు, బాపుకు సాయంగా పత్తి ఏరిన వేలు కరాబు వేలు ఎట్ల అయితది? కరాబైంది ఆ ఆలోచన. కంటిపాప, ముఖం చూసి గుర్తించే పద్ధతులు ఆధార్‌లోనే ఉన్నయి. కానీ సెంటర్‌లో ఉన్న డబ్బా వేలిది మాత్రమే అయితే, ఉన్న పద్ధతి కూడా లేనట్టే.

ఇక్కడ ఒక పనికొచ్చే మాట. ఆధార్‌లో 5 ఏండ్లప్పుడు ఒకసారి, 15 ఏండ్లప్పుడు మళ్లీ ఒకసారి వేలిముద్రలు, కంటిపాప ఇయ్యాలె. పిల్లలు పెరుగుతరు, ముద్రలు మారుతయి. మన దగ్గర చాలామంది చెల్లెళ్లు, తమ్ముళ్లు ఆ రెండోసారి ఇయ్యలేదు. ఎవరూ చెప్పలేదు కాబట్టి. ఇంటర్‌కు వచ్చినంక "మ్యాచ్ కావట్లేదు" అన్నప్పుడు తెలుస్తది. ఇంట్లో పదిహేను దాటిన పిల్లలుంటే ఒకసారి అడిగి చూడండి. అడ్మిషన్ సీజన్ ముందు అయితే లైన్ తక్కువుంటది.

పేర్ల గొడవ గురించి రాస్తే ఇంకో పోస్టు అయితది, రెండు మాటలే రాస్తం. మన ఇంటిపేరు ముందుంటది. ఫారం "ఫస్ట్ నేమ్" అంటది, మనం మొదటి పేరు కదా అని ఇంటిపేరు రాస్తం. ఒకే రూములో ఇద్దరు మడావోళ్లు ఉంటే, ఇంగ్లీషులో ఒకరిది డి అక్షరంతో, ఇంకొకరిది ఆర్ అక్షరంతో. రెండూ తప్పు కాదు, మన నోట్లో ఉన్న శబ్దం ఇంగ్లీషులో లేదు, అంతే. స్కూల్లో సారుకు ఎట్ల వినబడితే అట్ల రాసిండు. తల్లి ఆధార్‌లో ఇంకొకరికి ఇంకోలాగ వినబడింది. మిషన్‌కు వినబడదు, అది అక్షరానికి అక్షరం పోల్చి చూస్తది, చివర ఒక ఖాళీ ఎక్కువున్నా వేరే మనిషి అంటది. బ్యాంకులో ఒక మనిషి చూస్తే అర నిమిషంలో "ఒక్కరే" అని తేల్చే పనికి, అఫిడవిట్లు, నోటరీలు, మండలానికి నాలుగు బస్సు చార్జీలు. (మా సీనియర్లలో సగం మందికి పుట్టినరోజు జూన్‌లోనే. స్కూలు తెరిచిన రోజే అందరూ పుట్టిండ్రు. ఆ పార్టీ ఖర్చు మాత్రం కలిసొస్తది.)

నెట్ సెంటర్ల గురించి ఒకమాట గట్టిగా చెప్పాలె. మార్కుల మెమో 200 కేబీ లోపల ఉండాలె అంటది ఫారం. ఫోన్‌లో ఫొటో తీస్తే 4 ఎంబీ వస్తది. సెంటర్ అన్న దాన్ని చిన్నగ చేసి ఇస్తడు, కాగితానికి ఇంత అని తీసుకుంటడు. ఆయన మీద కోపం లేదు, ఆయన బతుకుదెరువు. కానీ ఆయన కంప్యూటర్‌లో డెస్క్‌టాప్ మీద ఎవరెవరి కులం సర్టిఫికెట్లు, ఆధార్‌లు, బ్యాంక్ పాస్‌బుక్‌లు వరుసగా పడి ఉంటయో మీరూ చూసే ఉంటరు. అంతకంటే డేంజర్, మనమే ఫోన్‌లో వెతికి, ఊరూ పేరూ లేని ఏదో "కంప్రెస్" వెబ్‌సైటులో మన సర్టిఫికెట్లన్నీ ఎక్కించడం. ఎవరిదో తెలియని ఇంట్లో మన పట్టా కాగితాలు పెట్టి వచ్చినట్టే అది.

ఇది ఇంట్లో చేసుకునే పని. ఫొటో సైజు ఎక్కువ ఉండడానికి కారణం చుక్కల సంఖ్య. 12 మెగాపిక్సెల్ అంటే అడ్డంగా 4000, నిలువుగా 3000 చుక్కలు. అడ్డం 4000ను 1000 చేస్తే నిలువు 750 అయితది, మొత్తం చుక్కలు పదహారో వంతుకు వస్తయి. మెమోలో అక్షరాలు మంచిగనే చదవొస్తయి. విండోస్‌లో పెయింట్ అని పాతకాలం బొమ్మల ప్రోగ్రాం ఉంటది చూడండి, అందులో రీసైజ్ నొక్కి, పిక్సెల్స్ ఎంచుకొని, 1000 అని కొట్టి, జేపెగ్‌గా సేవ్ చేయండి. నెట్ అక్కరలేదు. మా రూము వాళ్లం ఇది తెలుసుకున్నంక ఫ్లోర్‌లో ఇరవై మందికి చేసి పెట్టినం. ఫీజు ఒక చాయ్.

అసలు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఆ వెబ్‌సైటే ఎక్కించిన ఫొటోను తానే చిన్నగ చేసుకోవచ్చు. ఎన్నో యాప్‌లు చేస్తున్నయి, మనం వాట్సాప్‌లో ఫొటో పంపితే అది అడగకుండనే చిన్నగ చేసి పంపుతది. చేతగాక కాదు, పని మన మీదికి తోసేసిండ్రు.

ఇప్పుడు హాస్టల్ కంప్యూటర్ల కథ. మా దగ్గర ల్యాబ్ అని ఒక గది ఉంది. పది డబ్బాలు, నడిచేవి ఆరు. విండోస్ 10 ఉంది వాటిలో. విండోస్ 10 వచ్చింది 2015 జులై 29న, మైక్రోసాఫ్ట్ దానికి మామూలు అప్‌డేట్లు ఆపేసింది 2025 అక్టోబర్ 14న. ఆ వార్త రాంగనే "ఈ కంప్యూటర్లు ఇంక పనికిరావు, స్టాక్ రిజిస్టర్‌లో రాసి పక్కన పెట్టండి" అన్న మాట మొదలైంది. కొత్తవి ఎప్పుడొస్తయంటే, బడ్జెట్ వచ్చినప్పుడు. బడ్జెట్ ఎప్పుడొస్తదో మనకు తెలుసు.

విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ జాగా, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలె. ఆ తరం వచ్చింది 2017లో. దానికి ముందు కొన్నవన్నీ, నడుస్తున్నా సరే, లైను అవతల పడ్డయి. సెక్యూరిటీ కోసమే ఈ గీత గీసినం అంటది కంపెనీ. ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. అప్‌డేట్లు లేని కంప్యూటర్‌లో బ్యాంకు పని చేయడం నిజంగా ప్రమాదమే. కానీ ప్రమాదమున్న కంప్యూటర్ వేరు, చచ్చిన కంప్యూటర్ వేరు. మన ఇండ్లలో నాగలి కర్రు అరిగితే నాగలిని పొయ్యిలో పెట్టం.

ఆ కంప్యూటర్లు తెరుచుకోడానికి ఆరు నిమిషాలు పడుతది. చాలామంది అనుకునేది ప్రాసెసర్ పాతదైందని. అసలు నత్త లోపలి హార్డ్ డిస్కు. అందులో పళ్లెం తిరుగుతది, దాని మీద సూది జరుగుతూ వెతుకుతది. దాని జాగాలో ఎస్సెస్డీ పెడితే, తిరిగే పళ్లెం ఉండదు, వెతుకులాట ఉండదు. మా లాప్‌టాప్‌కు నలుగురం పైసలు వేసుకొని పెట్టించినం, ఆరు నిమిషాలు అర నిమిషం అయింది. అదే లాప్‌టాప్, అదే పాత ప్రాసెసర్.

అప్‌డేట్ల సంగతికి రెండు దారులున్నయి. సొంత కంప్యూటర్లకు విండోస్ 10 సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 వరకు, పేరు నమోదు చేసుకున్నవాళ్లకు ఇస్తమన్నరు. అది వాయిదా, పరిష్కారం కాదు. రెండోది లినక్స్. మా కంప్యూటర్ సైన్స్ వాడు లినక్స్ మింట్ పెడదాం అని ఏడాదిగా చెవిలో పోరు పెడుతున్నడు. 4 జీబీ ర్యామ్‌తో నడుస్తది, డబ్బులు అక్కరలేదు, తెలుగు టైపింగ్ వస్తది. బీఏ వాడు ఒప్పుకోలేదు. "పోటీ పరీక్షల ల్యాబుల్లో కంప్యూటర్ పరీక్ష అంటే వర్డ్, ఎక్సెల్ అడుగుతరు. మనం వేరేది నేర్చుకొని అక్కడికి పోయి బిక్కమొహం వేయాల్నా?" అన్నడు. ఈ మాటలో బరువుంది. రెండు రోజులు వాదన నడిచింది, అన్నం దగ్గర కూడా. మా తీర్మానం ఏంటంటే, నేర్చుకోవాల్సింది ఫలానా బటన్ ఎక్కడుందని కాదు, పట్టికలో లెక్క ఎట్ల వేయాల్నో, ఉత్తరం ఎట్ల పొందించాల్నో. అది లిబ్రె ఆఫీస్‌లో నేర్చుకున్నవాడికి ఎక్సెల్‌లో వారం రోజుల్లో చెయ్యి తిరుగుతది. కేరళ సర్కారు బడుల్లో ఏండ్ల నుంచి లినక్స్ మీదనే పిల్లలకు కంప్యూటర్ చెప్తున్నరు, వాళ్ల పిల్లలు ఉద్యోగాల్లో వెనకబడిపోలేదు. ఆరు డబ్బాల్లో నాలుగింటిని అట్ల మార్చి, రెండిటిని విండోస్‌తో ఉంచుదామని వార్డెన్ సారుకు కాగితం రాసిచ్చినం. సంతకం కోసం ఎదురుచూస్తున్నం.

భాష గురించి రాయకుంటే ఈ పోస్టు సగమే. 2018 ఫిబ్రవరిలో ఒక తమాషా జరిగింది, గుర్తుందా? తెలుగు "జ్ఞా" అక్షరాన్ని ఒక తీరుగా టైపు చేసి పంపితే ఐఫోన్‌లు కూలబడ్డయి. మెసేజ్ వచ్చిన యాప్ తెరుచుకోదు, ఒక్కోసారి ఫోనే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుడు. జ్ఞానం చూసి ఫోన్‌కు మూర్ఛ వచ్చిందని అందరూ నవ్వుకున్నరు. ప్రపంచం మొత్తం వార్త అయింది, అదే నెల 19న యాపిల్ దాన్ని సరిచేసి 11.2.6 అప్‌డేట్ వదిలింది. 2011 జనాభా లెక్కల ప్రకారం 8 కోట్ల పైన మంది మాట్లాడే భాష తెలుగు. అంత పెద్ద భాష అక్షరాన్నే ఆ ఫోన్ తయారుచేసినవాళ్లు సరిగ్గా పరీక్షించి చూడలేదు. మరి అదే లెక్కల్లో 30 లక్షలకు దగ్గరగా ఉన్న గోండీ సంగతి?

మన ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన చేతిరాతల్లోని లిపి, గుంజాల గోండీ, 2018 జూన్‌లో యూనికోడ్ 11వ వెర్షన్‌లోకి ఎక్కింది. అంతకు ముందు ఏడాది మసరాం గోండీ లిపి ఎక్కింది. సవరల కోసం 1936లో మంగెయ్ గొమాంగో తయారుచేసిన సోరా సోంపెంగ్ 2012లోనే చేరింది. యూనికోడ్‌లో ఎక్కడం అంటే ప్రతి అక్షరానికి ప్రపంచమంతా ఒప్పుకునే ఒక నంబర్ రావడం. అంటే లిపికి ఆధార్ వచ్చినట్టు. కానీ ఆధార్ వచ్చినంత మాత్రాన రేషన్ రాదని మనకంటే ఎవరికి బాగా తెలుసు? నంబర్ తర్వాత ఫాంట్ కావాలె, కీబోర్డ్ కావాలె, ఫోన్‌లో అది ముందే ఉండాలె. గూగుల్ వాళ్ల నోటో ఫాంట్లలో గుంజాల గోండీకి, మసరాం గోండీకి రెండిటికీ ఫాంట్లు ఉచితంగా ఉన్నయి. అయినా మనం ఆ లిపిలో ఒక పేరు టైపు చేసి ఊళ్లో అన్నకు పంపితే, చాలా ఫోన్లలో ఖాళీ డబ్బాలు కనబడతయి. "జ్ఞా"కు ఫోన్ కూలితే ప్రపంచ వార్త. మన అక్షరం డబ్బా అయితే అది వార్త కాదు.

2025 సెప్టెంబర్‌లో కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ "ఆది వాణి" అని అనువాదం చేసే యాప్ మొదలుపెట్టింది, మొదటి విడతలో సంతాలీ, భిలీ, ముండారీ, గోండీ. మేము దీన్ని మంచి వార్తగానే చూస్తున్నం. ఒకటే అనుమానం. గోండీ అంటే ఒక్క తీరు కాదు. మన ఉట్నూరు వైపు మాట వేరు, బస్తర్ మాట వేరు, తెలుగు కలిసిన చోట ఒక తీరు, మరాఠీ, హిందీ కలిసిన చోట ఇంకో తీరు. ఇట్లాంటి సాఫ్ట్‌వేర్ ఎవరి మాట వింటే వాళ్ల మాట నేర్చుకుంటది. మన కాకోల మాట ఎవరూ రికార్డు చేసి ఇవ్వకపోతే, రేపు ఆ మిషన్ మన ఊరి గోండీని తప్పు అంటది, పత్తి ఏరిన వేళ్లను కరాబు అన్నట్టు. కోలామీ, నాయక్‌పోడు పెద్దల మాటల సంగతి ఇంకా వెనకుంది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ముసలివాళ్ల దగ్గర కూసొని, వాళ్లను అడిగి, వాళ్లు సరే అంటేనే, పంటల పేర్లు, చుట్టరికాల పేర్లు, పిట్టల పేర్లు ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఎవరు చెప్పిండ్రు, ఏ ఊరు, ఏ తేదీ అని ఫైలు పేరులోనే రాయండి. ఎవరికీ అప్పుడే ఇచ్చేయకండి. మన దగ్గర ఉండనివ్వండి, ఎవరికి, ఏ షరతు మీద ఇయ్యాల్నో పెద్దలతో కూసొని తర్వాత మాట్లాడుకుందాం.

ఇంకో చిన్న విషయం, బాపుకు వచ్చిన ఆ నాలుగు మెసేజ్‌ల గురించి. అవి ఇంగ్లీషులో ఉన్నయి. మామూలు ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అయితే 160 అక్షరాలు పడతయి, తెలుగు లాంటి లిపి అయితే 70 మాత్రమే. ఒత్తులు, గుణింతాలు కూడా విడివిడిగా లెక్కకు వస్తయి కాబట్టి తెలుగులో చిన్న మాట కూడా తొందరగా రెండు మెసేజ్‌లు అయితది, పంపేవాళ్లకు ఖర్చు డబుల్. అందుకని బాపు ఆ రోజు నంబర్లు మాత్రమే చదవగలిగిండు. అవి ఎందుకొచ్చినయో, "ఎవరికీ చెప్పవద్దు" అని కింద రాసి ఉందో లేదో ఆయనకు తెలియదు. రేపు ఇంకెవడో ఫోన్ చేసి "నంబర్ చెప్పు పెద్దాయనా" అంటే అంతే ఓపికగా చెప్పేస్తడు. మనం నేర్పింది అదే కదా, నంబర్ రాంగనే చదువు అని. ఇది రాస్తుంటే మాకే భయమైంది. ఆ మరుసటి ఆదివారం తమ్ముడు ఇంటికి పోయి బాపుకు ఒకటే మాట చెప్పి వచ్చిండు: నా గొంతు గుర్తుపట్టినంకనే నంబర్ చెప్పు, ఇంకెవరు అడిగినా ఫోన్ పెట్టెయ్.

వేళ్లు పని చేయనందుకు చివరికి తమ్ముడు ఏం చేసిండంటే, లాప్‌టాప్ సంచిలో వేసుకొని, పొడిగించిన తేదీకి మూడు రోజుల ముందే ఊరికి పోయిండు. తెల్లవారుజామున నాలుగున్నరకు, వెబ్‌సైటు ఖాళీగా ఉండే టైమని, బాపూ వాడూ ఇద్దరూ బండెక్కిండ్రు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, సర్టిఫికెట్లు ముందే 1000 చుక్కలకు చిన్నగ చేసి పెట్టుకొని, ఓటీపీ అడిగిండు. పదకొండు సెకన్లకు వచ్చిందట. అప్లికేషన్ పోయింది. ఆ రోజు నుంచి ఇయ్యాల్టి దాకా స్టేటస్‌లో "వెరిఫికేషన్ పెండింగ్" అనే ఉంది.

బాపు మాత్రం రోజూ చేనుకు పోయేటప్పుడు బండ మీద ఒక నిమిషం ఆగి, ఫోన్ తీసి చూసుకొని పోతున్నడట. మొన్న ఫోన్ చేసి అడిగిండు, "ఇంకేమన్నా నంబర్లు వచ్చేదున్నదా బిడ్డా, నేను ఆగాల్నా, చేన్లకు పోవాల్నా?"